నిడదవోలు మేడ మీద మోడల్ రైలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా మోడల్ రైలు క్లబ్బు పాత రైసుమిల్లు మేడ మీదికి మారినప్పటి నుంచి, ఆదివారం వచ్చే ప్రతి కొత్తవారూ దాదాపు ఇవే అడుగుతున్నారు. ఫోన్లోనూ ఇవే. అందుకని అడిగినవారి మాటల్లోనే ప్రశ్నలు పెట్టి, పని జరిగే వరసలో కూర్చాను. ఏ జవాబుకా జవాబు విడిగా చదువుకోవచ్చు.

## రాకముందు

బోర్డు మీద లేఅవుట్ అని రాశారు, ఇళ్ల స్థలాలు అమ్ముతారాండీ?

లేదండి. పట్టాలు, స్టేషను, కాలవ, చేలు, ఊరు అన్నీ కలిపి బల్లల మీద కట్టిన దాన్ని మోడల్ రైళ్లవాళ్లు లేఅవుట్ అంటారు. స్థలాల కోసం వచ్చినవారిని కూడా పైకి పిలిచి చూపిస్తాం. అలా వచ్చిన ఒకాయన ఇప్పుడు మా దగ్గర వడ్రంగం పని అంతా చూసుకుంటున్నారు.

ఇది పిల్లల బొమ్మ రైలే కదా, ఇంతమంది పెద్దవాళ్లు ఎందుకు?

బొమ్మ రైలు గుండ్రంగా తిరుగుతుంది. మా రైలు నిడదవోలులో బయల్దేరి, లూపులో (మెయిన్ లైను పక్కన బండి ఆగే లైను) ఆగి, ఎదురుబండికి దారిచ్చి, సిగ్నలు పడ్డాక కదులుతుంది. ఆ బండిని అలా నడపాలంటే ఒకరికి వడ్రంగం రావాలి, ఒకరికి కరెంటు పని, ఒకరికి రంగులు, ఒకరికి పాత టైంటేబులు గుర్తుండాలి. అన్నీ ఒక్కరికే రావు. అందుకే క్లబ్బు.

నాకు ఏ పనీ రాదండి, వస్తే ఏం చేస్తాను?

మొదటి ఆదివారం తీగల చివర తొక్క ఒలవడం, కంకర జల్లించడం ఇస్తాం. మూడో వారానికి సోల్డరింగ్ చేతికిస్తాం. మా దగ్గర పట్టాలు అందరికన్నా నున్నగా పరిచే మనిషి బ్యాంకు ఉద్యోగి. చేరిన రోజున ఆయనకు స్క్రూడ్రైవరు పట్టుకోవడం కూడా కొత్తే.

మా అబ్బాయికి పదకొండేళ్లు, చేర్చుకుంటారా?

చేర్చుకుంటాం. ఇంట్లో పెద్దవాళ్లు ఒకరు తోడుండాలి, కత్తి, సోల్డరింగ్ ఐరన్ పెద్దవాళ్ల ఎదుటే ముట్టుకోవాలి. అమ్మాయిలనూ పంపండి. ప్లాట్‌ఫారం మీది మనుషులకు రంగులు వేసింది ఇద్దరు అక్కచెల్లెళ్లే.

చేరేముందు ఇలాంటిది ఎక్కడైనా చూడచ్చా?

పుణె వెళ్లే పని ఉంటే కోత్రూడ్‌లోని జోషి మినియేచర్ రైల్వే మ్యూజియం చూసి రండి. అంత దూరం కుదరకపోతే రాజమండ్రిలో గోదావరి గట్టున ఒక సాయంత్రం కూర్చోండి. దాదాపు వందేళ్లలో వంతెన కట్టే తీరు ఎలా మారిందో వరసగా కనిపిస్తుంది: 1900లో తెరిచిన హేవ్‌లాక్ వంతెన, 1974 నాటి రోడ్డు-రైలు వంతెన, 1997 నాటి ఆర్చి వంతెన. మేం కట్టేది ఆ నదినే.

## గది

పాత లేఅవుట్ ఏమైంది?

కోసేశాం. అద్దెకు తీసుకున్న కింది గదిలో నాలుగేళ్లు కట్టాం, అదీ ఒకే బల్లగా. గది ఖాళీ చెయ్యమని ఇల్లుగలాయన అడిగారు, అడగడంలో ఆయన తప్పు లేదు. తీరా చూస్తే బల్ల గుమ్మంలో పట్టలేదు. చేతి రంపంతో నాలుగు ముక్కలు చేశాం. రంపం సరిగ్గా యార్డు పాయింట్ల (బండి ఒక లైను నుంచి ఇంకో లైనుకి మారే చోట్ల) మీదుగా పోయింది. ఆరోజు ఎవరమూ భోజనం చెయ్యలేదు. కొత్త చోట తీసుకున్న ప్రతి నిర్ణయం వెనకా ఆ మధ్యాహ్నం ఉంది. ఇక్కడ ఏది కట్టినా ఇద్దరు మనుషులు పట్టుకుని మెట్లు దిగేలా ఉండాలి.

అంత బరువు మోసుకుని మేడ మీదికి ఎందుకు వెళ్లారు?

నీళ్ల కోసం. గట్టి వాన నాలుగు రోజులు పడితే ఎర్రకాలువ పొంగి చుట్టుపక్కల చేలన్నీ మునుగుతాయి. 1986 ఆగస్టు గోదావరి వరద చూసినవాళ్లు మాలో ముగ్గురున్నారు. కింది గది చవగ్గా వస్తుందని చెప్పగానే ముగ్గురూ ఒక్కసారే వద్దన్నారు. ఒక్కసారి తడిసిన ప్లైవుడ్డు పొరలు విడిపోతుంది, తరవాత ఏం చేసినా నిలవదు. మెట్లెక్కడానికి ఇబ్బందిపడే పెద్దవాళ్ల కోసం కంట్రోలరు పట్టుకుని కూర్చుని నడిపే కుర్చీలు రెండు వేశాం.

వానాకాలం చెమ్మకి ఏం చేస్తున్నారు?

గది దొరికిన మొదటి నెల పట్టా ఒక్కటీ పరవలేదు. పైకప్పు కారుతోందా అని చూడటానికి గట్టి వాన కోసం ఎదురుచూశాం. రెండుచోట్ల కారింది. అది పూడ్చి, గోడలకు సున్నం వేసి, పడమటి కిటికీలకు రేకు చూరు దించాం. రెండు వందల రూపాయల తేమ మీటరు ఒకటి గోడకి తగిలించాం. 65 శాతం దాటితే కిటికీలు మూసి, చెమ్మ లాగే యంత్రం పెడతాం. ఏసీ అక్కర్లేదండి. ఆదివారం నాలుగు గంటలు ఏసీ వేసి మిగతా వారమంతా ఆపేస్తే చెక్క సాగడం, ముడుచుకోవడం మరీ ఎక్కువవుతుంది. చల్లదనం కన్నా నిలకడ ముఖ్యం.

చెదలు, ఎలుకలు రావా? అది రైసుమిల్లు కదా!

వస్తాయి. చెద గోడ వెంట పైకి పాకుతుంది కాబట్టి ఏ బల్లనూ గోడకు ఆనించలేదు, నాలుగు వేళ్ల సందు వదిలాం. కాళ్లు ఇనప గొట్టాలవి. ఎలుకలకి తీగల తొడుగు కొరకడం ఇష్టం. అందుకని తీగలన్నీ ప్లాస్టిక్ గొట్టాల్లో పోతాయి, మేడ మీద తినే వస్తువు ఏదీ ఉంచం. టీ, పకోడీ అన్నీ మెట్ల దగ్గరే. మాకు ఎక్కువ పని పెట్టేది బల్లి. రెట్ట పట్టాల మీద ఎండితే ఇంజను అక్కడే ఆగిపోతుంది. రాత్రిపూట లేఅవుట్ మీద పాత చీరలు కప్పుతాం. నేత చీర గాలి ఆడనిస్తుంది, ప్లాస్టిక్ షీటు అయితే కింద చెమ్మ పడుతుంది.

మిల్లు కరెంటే వాడుకుంటున్నారా?

లేదు. విడిగా మీటరు తీసుకున్నాం. గదికి సొంత ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే పడిపోయే బ్రేకరు పెట్టించాం. ట్రాన్స్‌ఫార్మరుకి అవతల పట్టాల్లో ఉండేది 15 వోల్టుల లోపే, పిల్లలు ముట్టుకున్నా ఏం కాదు. ఇవతల మాత్రం ఇంటి కరెంటే. తాళం వేసేవారు గుమ్మం పక్కనున్న ఒక్క స్విచ్చి ఆపితే మొత్తం ఆగుతుంది. ఆ స్విచ్చికి ఎర్రరంగు వేశాం.

## గీత గీసేటప్పుడు

ఏ స్కేలులో కడుతున్నారు?

ఎచ్‌ఓ. అంటే అసలులో 87వ వంతు. మనిషి రెండు సెంటీమీటర్లు, డబ్ల్యూడీఎం-2 డీజిలు ఇంజను దాదాపు 20 సెంటీమీటర్లు, పాత ఐసీఎఫ్ (చెన్నై కర్మాగారపు) ప్రయాణికుల పెట్టె పొడవు 24.5 సెంటీమీటర్లు వస్తాయి. 160వ వంతు ఉండే ఎన్ స్కేలు పెడితే మా 40 అడుగుల గదిలో దాదాపు రెట్టింపు దూరం పట్టేది. దాని మీద నెల రోజులు వాదించుకున్నాం. చివరికి మాలో సగంమందికి చత్వారం వచ్చిందన్న మాటతో తేలిపోయింది. చిన్న పెట్టెలను చేతి వేళ్లతో పట్టాల మీద పెట్టడం అందరివల్లా కాదు.

మన బ్రాడ్ గేజికి ఎచ్‌ఓ పట్టాలు సరిపోవు కదండీ?

సరిపోవు. మన గేజి 1676 మిల్లీమీటర్లు. 87వ వంతు చేస్తే 19 మిల్లీమీటర్ల పైచిలుకు రావాలి. ఎచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మాత్రమే, అది 1435 మిల్లీమీటర్ల గేజికి లెక్క. పట్టాలు అలాగే ఉంచి బండినే దాదాపు 102వ వంతుకి చేస్తే గేజి సరిపోతుంది గానీ, ఆ కొలతలో ఇంజన్లు, పెట్టెలు, మనుషులు ఏవీ దొరకవు. 19 మిల్లీమీటర్ల పట్టాలు చేత్తో చేసుకునేవాళ్లు కూడా ఉంటారు. వాళ్ల ఓపికకు దణ్ణం పెడతాను. మేం దుకాణంలో దొరికే పట్టాలే తీసుకున్నాం, ఎందుకంటే పదిమంది తమ ఇంటి బండి తెచ్చి ఇక్కడ నడపగలగాలి. బండిని పక్క నుంచి చూస్తే ఆ తేడా కంటికి ఆనదు.

ఏ లైను, ఏ కాలం?

1980లలో నిడదవోలు జంక్షను, అక్కణ్ణుంచి ఒకవైపు చాగల్లు, కొవ్వూరు, గోదావరి వంతెన. రెండోవైపు తణుకు, అత్తిలి మీదుగా భీమవరం, నరసాపురం బ్రాంచి. ఆ కాలమే ఎందుకంటే అప్పుడు డీజిలు, ఆవిరి ఇంజన్లు రెండూ కనిపించేవి, మూడు రకాల సిగ్నళ్లు ఉండేవి, పైన కరెంటు తీగలు లేవు. 87వ వంతు కరెంటు తీగలు కట్టడం ఏడాది పని, పైగా పెట్టెను చేత్తో తీసిన ప్రతిసారీ తెగుతాయి. పెట్టెలన్నీ ఒకే ముదురు ఎరుపు. విశాఖ, హైదరాబాదుల మధ్య 1974లో మొదలైన గోదావరి ఎక్స్‌ప్రెస్ మా టైంటేబుల్లో పెద్దబండి. అసలు బండి పొడవు పెట్టలేం, ఎనిమిది పెట్టెలతో సరిపెట్టుకున్నాం. ఇంజనుతో కలిపి రెండుంబావు మీటర్లు వస్తుంది. లూపు లైన్లన్నీ 2.6 మీటర్లు పెట్టుకున్నాం.

ఆర్చి వంతెన లేకుండా గోదావరి ఏమిటండీ?

అందరికన్నా ఎక్కువమంది అడిగేది ఇదే. రెండు కారణాలు.

మేం ఎంచుకున్న కాలంలో ఆర్చి వంతెన లేదు. దాని పని 1991లో మొదలై, 1997లో బండ్లు తిరిగాయి. 1980లలో నది మీద ఉన్నవి హేవ్‌లాక్ వంతెన, రోడ్డు-రైలు వంతెన.

రెండోది కొలత. ఆర్చి వంతెనకి 28 ఖానాలు (ఖానా అంటే రెండు స్తంభాల మధ్య భాగం), ఒక్కొక్కటి 97.55 మీటర్లు. ఎచ్‌ఓలో ఒక ఖానా 1.12 మీటర్లు, మొత్తం వంతెన 31 మీటర్లు దాటుతుంది. మా గది పొడవే 12 మీటర్లు. రోడ్డు-రైలు వంతెనదీ అదే కథ, దాని పెద్ద ఖానా 91.5 మీటర్లు, ఎచ్‌ఓలో 1.05. హేవ్‌లాక్ వంతెన ఖానా మాత్రం 150 అడుగులు, ఎచ్‌ఓలో 52 సెంటీమీటర్లు. 56 ఖానాల్లో ఏడు కడితే 3.7 మీటర్లలో ఇమిడిపోతుంది. ఏడు ఖానాలు వరసగా కనిపిస్తే కన్ను మిగతావి తానే పూరించుకుంటుంది. ఒకటిన్నర ఆర్చి కట్టి గోదావరి అనడం నాకు మనసొప్పలేదు.

వంతెన మొత్తం రెండు ముక్కలుగా ఊడొస్తుంది. ఆ ముక్కలు పెట్టడానికి అరుగు ముందే కట్టాం.

కోటిపల్లి రైలుబస్సు (పట్టాల మీద నడిచే బస్సులాంటి ఒంటిపెట్టె బండి) నడుపుతారా?

మేం కట్టే కాలానికి కోటిపల్లిలో పట్టాలే లేవు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఊడదీసుకుపోయారు, మళ్లీ లైను వచ్చింది 2004లో. కానీ పిల్లలు ఆ రైలుబస్సునే అడుగుతారు. ఒక సభ్యుడు సొంతంగా చేశాడు. సందర్శకులు వచ్చే రోజున బ్రాంచి మీద చుట్టంలా తిరుగుతుంది.

మలుపు ఎంత పెట్టుకోవాలి? ఇంట్లో కట్టుకునేవాళ్లకీ చెప్పండి.

మీ దగ్గరున్న అన్నిటికన్నా పొడుగు పెట్టెను కొలిచి మూడుతో హెచ్చించండి. మలుపు వ్యాసార్ధం అంతకన్నా తగ్గకూడదు. ఐసీఎఫ్ పెట్టెకి 74 సెంటీమీటర్లు, ఎల్‌హెచ్‌బీ (ఇప్పటి కొత్తరకం) పెట్టె 27 సెంటీమీటర్లు కాబట్టి 81. మేం మెయిన్ లైనుకి 80 పెట్టాం, మా కాలంలో ఎల్‌హెచ్‌బీలు లేవు. బండి పూర్తిగా వెనక్కి తిరగాలంటే దానికి రెట్టింపు వెడల్పు, అంచులతో కలిపి 1.8 మీటర్ల బల్ల కావాలి. చాలామంది ఇంట్లో ఆగిపోయేది ఇక్కడే, నాలుగడుగుల మంచం వెడల్పులో పెద్ద పెట్టెలు తిరగవు. చోటు లేకపోతే పొట్టి పెట్టెలు, సరుకు బళ్లు, చిన్న ఇంజనుతో బ్రాంచి లైను కట్టుకోండి. అదీ అందంగానే ఉంటుంది. లేదా తిరగడమే మానేసి గోడ వెంట ఒక స్టేషను నుంచి ఇంకో స్టేషనుకి వెళ్లి వచ్చేలా కట్టండి.

కొండలు, సొరంగాలు పెట్టలేదేం?

ఇది డెల్టా అండి. మనకి ఎత్తంటే గట్టే.

## బల్లలు, పట్టాలు

మీ బల్లల మీద పలక పరవలేదేం? చట్రాలు ఖాళీగా ఉన్నాయి.

మన చేలవైపు రైల్లో కూర్చుని కిటికీలోంచి చూడండి. బండి గట్టు మీద పోతుంది, చేను కింద ఉంటుంది. బోదె ఇంకా కింద. ఒకే పలక మీద పట్టాలు, చేలు రెండూ పరిస్తే అన్నీ ఒకే మట్టంలో పడి, చూసినవాళ్లకి ఏదో లోటనిపిస్తుంది. అందుకని చట్రం మీద పట్టాల కింద మాత్రమే నాలుగంగుళాల ప్లైవుడ్డు పట్టీ వేసి, దాన్ని చిన్న నిలువు చెక్కల మీద ఎత్తాం. చేను పట్టీకి మూడున్నర సెంటీమీటర్లు కిందుంటుంది, అసలులో మూడు మీటర్ల గట్టుకి అది లెక్క. వంతెన దగ్గర చట్రమే అడుగు లోతుకి దించాం.

ఏ చెక్క వాడారు?

తడికి తట్టుకునే 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు. చట్రానికీ అదే ప్లైవుడ్డును మూడంగుళాల పట్టీలుగా కోయించి వాడాం, కలప దూలాలు ఎండాకాలం మెలితిరుగుతాయి. కోసిన ప్రతి అంచుకీ రెండు పూతలు ప్రైమరు పట్టించాలి. పైన, కింద రంగు వేసి అంచు వదిలేస్తే చెమ్మ అక్కణ్ణుంచే దూరుతుంది. పాత కిటికీ రెక్కలు తెచ్చిస్తామని చాలామంది అంటారు. వాళ్ల మంచి మనసుకి కృతజ్ఞతలు, కానీ లోపల చెద ఉందో లేదో మనకి తెలియదు.

ముక్కలుగా కడితే అతుకుల దగ్గర బండి పడదా?

జాగ్రత్తగా కట్టకపోతే పడుతుంది. మా ముక్క ఒక్కొక్కటి నాలుగడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు. తిరిగే చోట ఉన్న పెద్ద బల్లలు కూడా అలాంటి ముక్కల కూర్పే. పక్క పక్క ముక్కలను రెండు బోల్టులు బిగించి పట్టుకుంటాయి, స్థానం కచ్చితంగా కుదరడానికి ఇత్తడి పిన్నులు రెండు విడిగా ఉంటాయి. బోల్టు ఒక్కటే నమ్ముకుంటే అర మిల్లీమీటరు అటూ ఇటూ జరుగుతుంది, చక్రానికి అది చాలు. అతుకు దగ్గర పట్టాలు అడ్డంగా, సూటిగా దాటాలి, ఏటవాలుగా దాటకూడదు. అంచున ఉండే చివరి రెండు స్లీపర్లు (పట్టాల కింది అడ్డ దిమ్మలు) ప్లాస్టిక్‌వి తీసేసి, రాగి పూత ఉన్న సర్క్యూట్ బోర్డు ముక్కలు స్క్రూలతో బిగించి, పట్టాను వాటికే సోల్డరు చేశాం. పట్టా అప్పుడు కదలదు.

అతుకు మీద పాయింటు ఎప్పుడూ పెట్టకండి. గీత గీసేటప్పుడు ముందు అతుకుల గీతలు గీశాం, ఆ తరవాతే పట్టాలు.

ఎండాకాలంలో పట్టాలు మెలితిరిగాయి. ఏం చెయ్యాలి?

పరిచింది జనవరిలో అయి ఉంటుంది. నికెల్ సిల్వరు పట్టా 12 మీటర్ల పొడవుకి, 20 డిగ్రీల వేడి పెరిగితే, దాదాపు 4 మిల్లీమీటర్లు సాగుతుంది. మన దగ్గర చలికాలం తెల్లవారుజాముకీ మే మధ్యాహ్నానికీ తేడా 20 డిగ్రీలు దాటుతుంది. మూడడుగుల పట్టా ఒక్కొక్కదానికీ 0.3 మిల్లీమీటర్లు లెక్క, అంటే విజిటింగ్ కార్డు మందం. చలికాలంలో పరిస్తే అతుకులో కార్డు పెట్టి పరవండి. మేలో పరిస్తే ఆనించి పరవచ్చు. మెలితిరిగిన చోట ఒక అతుకు కోసి కార్డంత సందు ఇచ్చి, పట్టాను మళ్లీ సూటిగా మేకులు కొట్టండి. ఆ అతుకు సోల్డరు చెయ్యకండి.

కంకరకి గోదావరి ఇసుక వాడచ్చా? బోలెడంత ఉంది కదా.

గుండ్రంగా ఉంటుంది, కంకరలా కనిపించదు. అంతకన్నా పెద్ద ఇబ్బంది ఇసుకలోని నల్ల రేణువులు. చాలావరకు అయస్కాంతానికి అంటుకుంటాయి, ఇంజను మోటారులో దూరితే మోటారు పోతుంది. మేం క్రషర్ దగ్గర దొరికే రాతిపొడి తెచ్చి, రెండు జల్లెళ్లు పట్టి, మధ్య రకం తీసుకున్నాం. కడిగి, ఎండబెట్టి, పళ్లెంలో పరిచి, అయస్కాంతం మూడుసార్లు తిప్పాం. పరిచాక నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు ఒక చుక్క కలిపి తడిపి, ఒకపాలు ఫెవికాల్, రెండు పాళ్లు నీళ్లు కలిపి డ్రాపరుతో వదలాలి. పాయింటు కదిలే నాలుకల దగ్గర జిగురు అసలు పోయకండి.

నది ఒడ్డు మీద, ఇసుక తిన్నెల మీద మాత్రం అసలు గోదావరి ఇసుకే వేశాం. పట్టాలకి దూరం కదా.

## తీగలు

డీసీ చాలదా, డీసీసీ (డిజిటల్ కమాండ్ కంట్రోల్) ఎందుకు?

ఒక్క బండి నడిపితే డీసీ హాయిగా చాలు. డీసీలో కంట్రోలరు పట్టాను నడుపుతుంది. డీసీసీలో బండిని నడుపుతుంది. పట్టాల్లో ఎప్పుడూ ఒకే వోల్టేజి ఉంటుంది, దానిలోనే ఆజ్ఞలు పోతాయి, ప్రతి ఇంజనులోనూ తన నంబరు గుర్తుపట్టే చిన్న డీకోడరు ఉంటుంది. ఇంజను మీద రాసిన నంబరే దాని చిరునామాగా పెట్టుకున్నాం. ఎక్స్‌ప్రెస్ దాటేదాకా సరుకు బండి లూపులో లైటు వేసుకుని ఆగి ఉండాలంటే ఇదే దారి. డీకోడరు ఖర్చు మాత్రం ఇంజనుకి ఒకటి చొప్పున ఉంటుంది, ఆ లెక్క ముందే చూసుకోండి.

తీగలు సరిగ్గా వేశామో లేదో ఎలా తెలుస్తుంది?

రూపాయి బిళ్ళతో. లేఅవుట్ చుట్టూ మెయిన్ తీగ 2.5 చదరపు మిల్లీమీటర్లది వేశాం, ఇంట్లో ప్లగ్గుకి వేసేదే. దాన్నుంచి ప్రతి మూడడుగుల పట్టాకి సన్న తీగ పైకి వెళ్తుంది. పట్టాల అతుకు బద్దలు కరెంటు మోస్తాయని నమ్మకండి, రెండో వానాకాలానికి అవి వదులవుతాయి. తీగలన్నీ కలిపాక, బూస్టరుకి (పట్టాలకి కరెంటు పంపే పెట్టె) అన్నిటికన్నా దూరంగా ఉన్న చోట రూపాయి బిళ్ళ రెండు పట్టాల మీదా అడ్డంగా పెట్టండి. బూస్టరు వెంటనే పడిపోవాలి, అంటే కరెంటు ఆపెయ్యాలి. పడిపోకపోతే దారిలో ఎక్కడో తీగ చాలలేదని అర్థం, అలాంటి చోట బండి పడినరోజు పెట్టె చక్రాలు కరుగుతాయి. చుట్టూ అక్కడక్కడా బిళ్ళ పెట్టి చూశాం. పదిహేడు చోట్ల పాసయింది, రెండు చోట్ల తప్పింది. రెండూ నేను వేసినవే, విప్పి మళ్లీ వేశాను.

బండి తిరిగి అదే లైనులోకి రాగానే షార్టు అవుతోంది!

ఉంగరంలా తిరిగి తనలోనే కలిసే లైనులో ఎడమ పట్టా వెళ్లి కుడి పట్టాకి తగులుతుంది. ఆ ఉంగరాన్ని రెండు చివర్లా, రెండు పట్టాలూ కోసి విడదీయండి. మధ్యలో ఆటో రివర్సరు (పట్టాల కరెంటు దిశను తానే మార్చే పరికరం) పెట్టండి. విడదీసిన ముక్క మీ పొడుగు బండికన్నా పొడుగ్గా ఉండాలి.

ముక్కలు విడదీసేటప్పుడు తీగలు కోస్తారా?

కొయ్యం. ప్రతి అతుకు కింద ప్లగ్గు, సాకెట్టు. మగ, ఆడ వైపులు తారుమారు కాకుండా పడమటి అంచున ఎప్పుడూ సాకెట్టే.

## ఊరు, చేలు, నది

చేలు ఏ పంటకాలంలో చూపిస్తున్నారు?

సార్వా (వానాకాలపు వరి) కోతలు. డిసెంబరు మొదటి వారం. నాట్ల కాలం పెట్టాలని చాలామందికి ఉంది, అద్దంలా నీళ్లు, వంగిన మనుషులు, అందం అదే. కానీ ప్రతి మడిలో నీళ్లు చెయ్యడం, వాటి మీద దుమ్ము పడకుండా కాపాడటం మా చేతకాలేదు. కోతలకాలంలో ఒక చేను పచ్చ, పక్కది పసుపు, దాని పక్కది కోసిన మోళ్లు, ఒకచోట కుప్పలు. రంగులు నాలుగు రకాలు దొరికాయి. కోసిన మోళ్లకి పళ్లు తోమే బ్రష్షు కుచ్చులు, నిలబడ్డ చేనుకి గోనెసంచి నార. దాళ్వా (రెండో పంట వరి) నారుమళ్లు ఒక మూల లేత పచ్చగా మొదలవుతున్నాయి, గమనించినవాళ్లు తక్కువ.

కొబ్బరిచెట్లు కొన్నారా, చేశారా?

చేశాం. కొన్నవి సముద్రతీర హోటళ్ల బొమ్మల్లా ఉంటాయి. మన చెట్టు ఇరవై మీటర్లు, ఎచ్‌ఓలో 23 సెంటీమీటర్లు. ఆ ఎత్తు చూసి చాలామంది భయపడి సగం చేస్తారు, అప్పుడది చెట్టులా కాక మొక్కలా ఉంటుంది. మూడు తీగలు మెలిపెట్టి, కాగితపు టేపు చుట్టి, కొంచెం వంచండి. ఏ కొబ్బరిచెట్టూ నిటారుగా ఉండదు, కాలవ గట్టుమీది చెట్టు నీళ్లవైపే వంగుతుంది. మట్ట ఒక్కొక్కటి ఆరు సెంటీమీటర్లు, సన్న తీగకి రెండు పక్కలా కాగితం అతికించి కత్తెరతో చీల్చడం. చెట్టుకి పాతిక మట్టలు. కింద మట్టలు ఎండినట్టు గోధుమరంగు, వేలాడాలి. ఒక చెట్టుకి మూడు గంటలు పడుతుంది. ఇప్పటికి నలభై రెండు అయ్యాయి.

గోదావరి నీళ్లు ఎలా చేశారు?

ఇంకా చేస్తున్నాం. డిసెంబరు కాబట్టి వరద ఎర్రదనం ఉండదు, లోతున ఆకుపచ్చ, తిన్నెల దగ్గర ఇసుకరంగు తేలాలి. ముందు అడుగు పలకకే ఆ రంగులన్నీ వేసి, ఒకదాన్లో ఒకటి కలిసేలా తడిగా ఉండగానే రుద్దాం. పైన మెరిసే వార్నీషు ఆరు పూతలు. రెసిన్ పోద్దామని చిన్న ముక్కలో ప్రయత్నించాం. మే నెలలో ఒకేసారి సెంటీమీటరు పోస్తే పొగలొచ్చి పగిలింది. పోయాలంటే చలికాలంలో, మూడు మిల్లీమీటర్ల చొప్పున పొరలుగా పోయండి. అలలు చదునుగా ఉండాలి. ఇది సముద్రం కాదు.

కడియం నర్సరీలు పెట్టరా?

మా లైను కొవ్వూరు అవతల గోదావరి వంతెన చివర గోడలో దూరిపోతుంది. కడియం ఆ గోడకి అవతల ఉంది. పక్కగది అద్దెకి దొరికితే మొదట కట్టేది అదే.

## నడిపేటప్పుడు

పట్టాలు నల్లబడి బండి ఆగి ఆగి పోతోంది.

శుభ్రమైన నూలుగుడ్డ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి తుడవండి, కిటికీలు తెరిచి, దగ్గర మంట లేకుండా. ఉప్పుకాగితం వద్దే వద్దు. అది పెట్టే గీతల్లోనే తరవాత మురికి దాక్కుంటుంది. పట్టాలు తుడిచి ఇంజను చక్రాలు వదిలేస్తే మళ్లీ నల్లబడతాయి. పెట్టెల ప్లాస్టిక్ చక్రాలు కూడా మురికి మోసుకొస్తాయి, వీలైనప్పుడల్లా లోహపు చక్రాలకి మారండి. నరసాపురం వైపు సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఉన్నవాళ్లు ఉక్కు పట్టాల జోలికి పోకండి, తుప్పు ఆగదు. నికెల్ సిల్వరే కొనండి. పేరులో సిల్వరు ఉన్నా దానిలో వెండి లేదు, రాగి, నికెల్, జింకు మాత్రమే.

ఎంత వేగం పెట్టాలి?

మీరనుకున్న దానిలో మూడోవంతు. గంటకి 60 కిలోమీటర్లు వెళ్లే ప్యాసింజరు ఎచ్‌ఓలో సెకనుకి 19 సెంటీమీటర్లు నడుస్తుంది. మా గది ఈ చివరి నుంచి ఆ చివరికి నిమిషం పైనే పట్టాలి. వంతెన మీద ఇంకా నెమ్మది. మా దగ్గర ఒక పెద్దాయన వంతెన ఎక్కగానే వేగం తగ్గించి, నదిలోకి ఒక రాగిడబ్బు వేస్తారు. చిన్నప్పుడు రైల్లోంచి వాళ్లమ్మగారు వేయించేవారట. ఆ డబ్బులు వార్నీషు కింద అలాగే ఉంచాం.

చూడటానికి ఎప్పుడు రావచ్చు?

నెలలో రెండో ఆదివారం ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా. చెప్పులు మెట్ల దగ్గర విడవండి, దుమ్ముకోసం. పిల్లలు నిలబడటానికి అడుగెత్తు పీటలు వేసి ఉంచాం. మీ ఇంట్లో ఎచ్‌ఓ బండి ఉంటే తెచ్చుకోండి, పదింటికి లూపు లైను ఖాళీగా ఉంటుంది. రైల్లో వచ్చేవాళ్లు నిడదవోలులో దిగాక ఫోను చెయ్యండి, ఎవరో ఒకరం స్టేషనుకి వస్తాం.